ఒకటే దస్తూరి

కొత్త పంట ఇంకా చేతికి రాని ఆకలి నెలల్లో కొత్త మనిషిని ఇంట్లో పెట్టుకోవడం ఎవరికైనా కష్టమే. నాలింగూలా బడి వెనక టీచర్ల ఇంట్లో నన్ను పెట్టుకున్నది నమోతో మేడం. జనవరి మొదటి వారం, వాన పడుతూనే ఉంది. నెత్తిమీద సంచీ, చంకలో చాప, తడవకుండా గుడ్డలో చుట్టిన టీచర్ ట్రైనింగ్ కాలేజీ రికార్డుతో గుమ్మంలో నిలబడ్డాను. మేడం భర్త లైటన్ తాత రెల్లు చాప అల్లుతూ తలెత్తి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"తిండి తెచ్చావా, ఆకలి తెచ్చావా?"

"ఆకలే తెచ్చాను తాతా."

"అయితే రా లోపలికి. మా ఇంట్లోనూ ఒకటుంది. రెండూ కలిసి ఆడుకుంటాయి."

నాకది రెండో అవకాశం. మొదటిసారి బడిలో ప్రాక్టీసుకి వెళ్ళినప్పుడు కడుపుతో ఉన్నాను. ఏడో నెలలో వదిలేసి ఇంటికి పోవాల్సి వచ్చింది. ఈసారి కూడా తప్పితే కాలేజీ గేటు దాటి లోపలికి రానివ్వరు. నా కూతురు తవీనాకి మూడేళ్ళు, మా ఊరు బలాకాలో అమ్మ దగ్గర వదిలి వచ్చాను. దాని నాన్న పనికని దక్షిణాఫ్రికా పోయాడు. కబురు లేదు. ఈ ఉద్యోగం రాకపోతే ఏం చేస్తానన్న ఆలోచనని నేను దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

మేడం చెప్పేది ఒకటో తరగతి. నూట నలభై మూడు మంది పిల్లలు, బెంచీలు లేవు, మట్టి నేల, గోడకి నల్లరంగు పూసిన బోర్డు. ఆవిడ లోపలికి రాగానే పిల్లలచేత పాట పాడించేది. పాట అయ్యాక, "ఫైనెసీ, కిటికీ పక్కన మూలలో ఇద్దరు రాలేదు, నాలుగో వరసలో ఆ బొంగురు గొంతు పిల్ల రాలేదు, రిజిస్టర్లో వేసుకో" అని నాతో అనేది. నేను చూస్తే నిజమే. ఇరవై ఆరేళ్ళ అనుభవం అంటే ఇదే కాబోలనుకున్నాను.

మూడో వారంలో ఒకరోజు సాయంత్రం ఇంట్లో, తాత పక్కనే చాప అల్లుతుండగా, మేడం మర్నాటి లెసన్ ప్లాన్ చూపించమంది. నేను తొందరలో ఒక పుస్తకం తీసి చేతిలో పెట్టాను. ఆవిడ తెరిచి కాసేపు పట్టుకుని, "ఉద్దేశాలు బాగానే రాశావు. టైము చాలదేమో చూసుకో" అని తిరిగి ఇచ్చింది. తీసుకున్నాక చూస్తే అది హాజరు రిజిస్టరు.

రిజిస్టరు మూసి సంచీలో పెట్టి, వంటకి లేచాను. మర్నాడు పొద్దున్న బడికి నడుస్తూ ఆవిడే అంది.

"నిన్న నువ్విచ్చింది రిజిస్టరటగా. లైటన్ అట్ట చూసి చెప్పాడు."

"అవును మేడం."

"నాతో అనలేదేం?"

"మీరు బాధపడతారని."

"బాధ సంగతి నే చూసుకుంటాను. పాఠం తప్పు పోతే పిల్లలు చూసుకోలేరు. నా ముందు ఏ మాటా మింగకు." నాలుగడుగులు వేశాక మళ్ళీ అంది. "కళ్ళలో నీటికాసులు. పోయిన ఏడాది వరకు గొట్టంలోంచి చూసినట్టు కొంచెం కనబడేది. డాక్టరు చుక్కలు ఇస్తున్నాడు గానీ పోయింది తిరిగి రాదన్నాడు. ఆఫీసుకి తెలిస్తే ఇంటికి పంపిస్తారు. ఇంటికి అంటే ఏ ఇంటికి? మేముండేది బడి ఇచ్చిన ఇల్లు."

రికార్డు నియమం ఒకటుంది. మూడో వారం నుంచి వారానికోసారి గైడ్ టీచర్, అంటే మేడం, నా పాఠం చూసి, తన చేత్తో పరిశీలన రాసి, సంతకం పెట్టాలి. కాలేజీ నుంచి సూపర్వైజర్ వచ్చి అవి చదివి మార్కులు వేస్తాడు. ఆ శుక్రవారం మేడం చెబుతుంటే నేను రాశాను. సంతకం మాత్రం ఆవిడే పెట్టింది, నేను వేలు పెట్టి చోటు చూపిస్తే.

"రాయి. 'ఈ వారం ట్రైనీ వెనక వరసల వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ముందున్న పదిమందికే పాఠం చెప్పింది.'"

"మేడం, మీకెలా తెలుసు?"

"నీ గొంతు ఒక్కచోటనుంచే వస్తోంది. వెనకవాళ్ళు బోరుబావి కాడ గొడవ గురించి మాట్లాడుకుంటున్నారు. రాయి. 'ప్రశ్న అడిగి జవాబు కోసం ఆగట్లేదు, భయపడి తనే చెప్పేస్తోంది.'"

"ఇన్ని తప్పులు రాస్తే నన్ను తప్పిస్తారు."

"తప్పులు రాయకపోతే నిన్ను నువ్వు దిద్దుకోవు. రాయి."

ఆవిడ చెప్పిన ఒక్క మాటా మార్చకుండా రాశాను. ఆ వారాల్లో పాఠం చెప్పడమంటే ఏమిటో నాకు తెలిసింది. ఒక రోజు పెద్ద వాన వెలిశాక ఉసిళ్ళు లేచాయి. బడి ముందంతా రెక్కలే. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లల్ని లోపల కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాదు. నేను తలుపుకి అడ్డంగా నిలబడి అరుస్తున్నాను. మేడం నా భుజం పట్టుకుని పక్కకి జరిపి, "వెళ్ళండి. పదేసి పట్టుకుని రండి. పదికి తక్కువైతే తిననివ్వను, ఎక్కువైతే నాకివ్వాలి" అంది. తిరిగొచ్చినప్పుడు ప్రతి పిల్లా తన చేతిలోని ఉసిళ్ళని నేలమీద వరసగా పెట్టి లెక్కపెట్టింది. రెక్కలు తుంచి రెండు తింటే ఎన్ని మిగిలాయి, ఇంకో మూడు తింటే ఎన్ని. తీసివేతలు ఆ పిల్లలకి ఆ రోజే వచ్చేశాయి. కాలేజీలో మాకు ఏడాదిలో ఎవరూ అలా చెప్పలేదు.

ఫిబ్రవరి వచ్చేసరికి ఇళ్ళలో మొక్కజొన్న అయిపోయింది. పొలంలో కంకులు ఇంకా పాలు పోసుకోలేదు. మేము పొద్దున తవుడు జావ, సాయంత్రం గుమ్మడాకు కూర తినేవాళ్ళం. సంకటి వారంలో రెండుసార్లే. తరగతిలో నూట నలభై మూడు మంది కాస్తా ఎనభై అయ్యారు. వచ్చినవాళ్ళు గోడకానుకుని నిద్రపోయేవాళ్ళు. తాత తన గిన్నెలోది నా గిన్నెలోకి వంచి, "ముసలి కడుపు చిన్నగా అవుతుందమ్మాయ్, కుట్టు వేసినట్టు" అనేవాడు. ఆయన దగ్గుతుంటే మేడం మాట ఆపి దగ్గు ఆగేదాకా వినేది.

సూపర్వైజర్ గ్వెడేజా సార్ చెప్పకుండా వచ్చాడు. బురదలో మోటారుసైకిల్ తోసుకుంటూ, మోకాళ్ళదాకా ఎర్రమట్టితో వచ్చాడు. ఆ రోజు మేడం కంటిచుక్కల కోసం జిల్లా ఆస్పత్రికి వెళ్ళింది. సార్ వెనక నేలమీద కూర్చుని నా పాఠమంతా చూశాడు. తర్వాత వరండాలో రికార్డు తెరిచాడు. పేజీ తిప్పాడు, వెనక్కి తిప్పాడు.

"పాఠం బాగా చెప్పావు. వెనకదాకా నడిచావు, ఆగావు, వాళ్ళని మాట్లాడనిచ్చావు. కానీ ఇందులో రెండు దస్తూరీలు ఉండాలి. నాకు ఒకటే కనబడుతోంది."

సార్ రికార్డు నావైపు తిప్పాడు.

"పోయినేడాది ముగ్గురు ఇలాగే తమ పరిశీలనలు తామే రాసుకున్నారు. ముగ్గుర్నీ తీసేశాం. అయితే వాళ్ళు తమని తాము పొగుడుకున్నారు. నిన్ను నువ్వే తిట్టుకున్నావు, అదే నాకు అర్థం కావట్లేదు. మీ గైడ్ టీచర్ ఏది?"

"ఆస్పత్రికి వెళ్ళారు సార్. తలనొప్పి."

"రెండు వారాల్లో మళ్ళీ వస్తాను. ఇది ఎవరు రాశారో, ఎందుకు రాశారో మీ హెడ్మాస్టర్ చేత ఉత్తరం రాయించి పెట్టు. లేకపోతే దొంగ రికార్డని రాసి పంపుతాను. ఆ తర్వాత నా చేతిలో ఏమీ ఉండదు."

మర్నాడే హెడ్మాస్టర్ బ్వానాలీ గదికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. మేడం కళ్ళ సంగతి కూడా చెప్పేశాను. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. ఆయన సుద్దముక్కల డబ్బా మూత సరిచేస్తూ కూర్చున్నాడు.

"నాకు తెలుసు. అందరికీ తెలుసు. కాగితానికి మాత్రం తెలీదు."

"ఒక్క ఉత్తరం సార్."

"ఉత్తరం జిల్లా ఆఫీసుకి పోతుంది. చదివితే ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేయాల్సిందే, వాళ్ళకి వేరే దారి లేదు. బడిలో తొమ్మిది వందల మంది పిల్లలు, ఐదుగురు టీచర్లు. నలుగురవుతారు. ఆ ముసలాయన్ని పట్టుకుని ఆవిడ ఈ ఆకలిలో ఎక్కడికి పోతుంది?"

"మరి నేను?"

"నువ్వు చిన్నదానివి. ఇంకేదైనా చూసుకోవచ్చు."

"ఇంకేదైనా అంటే ఏది సార్?"

ఆయన డబ్బా మూత మళ్ళీ తీసి మళ్ళీ పెట్టాడు.

ఆ వారమంతా నాకు మేడం మీద కోపం. ఆవిడ కళ్ళ మీద, ఆవిడ పాటమీద, నా గిన్నెలో తాత వంచిన జావ మీద కూడా కోపం. అమ్మ ఫోన్ చేసి తవీనా కాళ్ళు వాచాయని చెప్పింది. తిండి లేక వాచాయని అమ్మ అనలేదు, నాకు తెలుసు. ఆ సాయంత్రం బడి వదిలాక తరగతి గదిలోనే కూర్చుని గ్వెడేజా సార్‌కి ఉత్తరం రాశాను. నిజమంతా రాశాను. మడిచి రికార్డు అట్టలో పెట్టుకున్నాను. ఆయన రాగానే ఇచ్చేద్దామనుకున్నాను. ఇచ్చేదాన్నే. ఆ మాట ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు.

రెండో వారం చివర, వానాగిన ఒక సాయంత్రం, మేడం గుమ్మంలో కూర్చుని గుమ్మడాకుల ఈనెలు తీస్తోంది. నేను పొయ్యి ఊదుతున్నాను.

"హెడ్మాస్టర్ కుదరదన్నాడా?"

నాకు పొగ గొంతులోకి పోయింది. "నేను వెళ్ళానని ఎవరు చెప్పారు మేడం?"

"సార్ ఉత్తరం అడిగాడని వరండాలో విన్న పిల్లలు చెప్పారు. నువ్వెళ్ళావని ఎవరూ చెప్పలేదు. పది రోజులుగా నాతో మెల్లగా మాట్లాడుతున్నావు, జబ్బు మనిషితో మాట్లాడినట్టు. కుదరదనే ఉంటాడు, పాపం. నువ్వే రాశావా ఉత్తరం?"

అబద్ధం చెప్పొచ్చు. ఆవిడ ముందు నాకు రాలేదు. "రాశాను."

"చదువు."

లోపలినుంచి తాత చాప అల్లుతున్న చప్పుడు ఆగిపోయింది. నేను ఉత్తరం తెచ్చి చదివాను. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. 'మా గైడ్ టీచర్ గారికి చూపు తక్కువ. అందువల్ల ఆమె చెప్పగా నేను రాశాను. ఇందులో మోసం లేదు.' అంతవరకు చదివేసరికి ఆవిడ చెయ్యెత్తింది.

"'చూపు తక్కువ' అని ఎందుకు రాశావు? తక్కువైతే అద్దాలు పెట్టుకోమంటారు. 'చూపు లేదు' అని రాయి. సగం మాట రాస్తే మళ్ళీ అడుగుతారు."

"మేడం..."

"మిగతాది బాగుంది. తప్పుల్లేవు." ఇంకో ఆకు తీసుకుని ఈనె లాగింది. "కానీ ఇవ్వకు. నీ చేత్తో ఇస్తే ఆ బరువు నీతోనే ఉండిపోతుంది. నీకింకా ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఉంది. ఆయన వచ్చినప్పుడు నేను మాట్లాడతాను."

"ఏమని మాట్లాడతావు?" తాత లోపలినుంచి అడిగాడు. ఆ రోజు ఆయన గొంతులో వేళాకోళం లేదు.

"ఏదో ఒకటి. నువ్వు చాప చూసుకో."

"ఇరవయ్యారేళ్ళు చూసుకున్నాను చాప. ఈ ఇల్లు పోతే ఎక్కడ పరచాలో అది చెప్పు."

ఆవిడ ఆకులన్నీ అయిపోయినా ఇంకా చేత్తో బుట్టలో వెతుకుతోంది.

గ్వెడేజా సార్ సోమవారం వచ్చాడు. నేను బోర్డుమీద కూడికలు రాసి పిల్లలచేత చేయిస్తున్నాను. మేడం పక్కన స్టూలు మీద ఉంది. సార్ నమస్కారం పెట్టి, కూర్చోకుండానే అడిగాడు.

"అమ్మా, ఈ అమ్మాయి రికార్డులో పరిశీలనలు మీవేనా?"

"మాటలు నావి. రాసింది ఈ అమ్మాయి."

"మీరెందుకు రాయలేదు?"

మేడం లేచి నిలబడింది. పిల్లలు వినేలా అనకుండా, రాసి చూపిద్దామనుకుంది కాబోలు. ఎనభై మంది పిల్లలు చూస్తున్నారు. నేను రికార్డు అట్టని గట్టిగా పట్టుకుని ఉన్నాను, లోపల ఉత్తరం ఉంది. ఆవిడ చెయ్యి చాపి, స్టూలు పక్కనుంచి సుద్దముక్క తీసుకుని, గోడ తడుముకుంటూ బోర్డు దగ్గరికి వెళ్ళింది. నేను రాసిన కూడికల మీదే సుద్ద ఆనించింది. 'నేను' అని మొదలుపెట్టింది. ఎంత చక్కటి దస్తూరి. అది నేను చూడటం అదే మొదలు.

"అక్కడ కాదు మేడం," అంది ముందు వరసలో ఒక పిల్ల. "అక్కడ లెక్క ఉంది. కిందికి."

"ఇంకా కిందికి," అన్నారు ఇంకో ఇద్దరు.

"ఎడం పక్కకి మేడం. ఇంకొంచెం. ఆ, అక్కడ ఖాళీ."

తరగతి అంతా అందుకుంది. వాళ్ళకి అది అలవాటైన పని. నేను రాకముందు, మొదటి టర్ము అంతా, వాళ్ళు ఆవిడచేత అలాగే రాయించారు. ఆవిడ దానికి 'చెయ్యి ఆట' అని పేరు పెట్టిందట. వాళ్ళు ఆట అనుకుంటున్నారనే ఆవిడ నమ్మకం.

గ్వెడేజా సార్ ఆ ముందు వరసలోని పిల్ల దగ్గర వంగాడు. "మీరెందుకమ్మా చోటు చెబుతున్నారు?"

"మేడంకి కనబడదు కదా సార్," అంది ఆ పిల్ల. బయట వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది.

మేడం వెనక్కి తిరగలేదు. సుద్దముక్క గోడకి ఆనించి అలాగే నిలబడింది. "మీ అందరికీ తెలుసా?" అని గోడతోనే అన్నట్టు అడిగింది. "తెలుసు మేడం," అన్నారు పిల్లలు, రోజూ పాఠానికి చెప్పినట్టే, కలిసి, సాగదీసి.

ఆవిడ సుద్ద నాకిచ్చింది. "కూడికలు ఆగిపోయాయి. కానివ్వు," అంది నాతో. నేను మిగతా కూడికలు చేయించాను. ఎలా చేయించానో గుర్తులేదు. వెనకదాకా నడిచాను. ప్రశ్న అడిగి ఆగాను.

బయట గ్వెడేజా సార్ రికార్డులో సంతకం పెట్టి, 'గైడ్ టీచర్ చెప్పగా రాసినవి. నిజమైనవి' అని రాశాడు. మోటారుసైకిల్ ఎక్కబోతూ మేడం దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, నేను చూశాను. చూడనట్టు ఊరుకోలేను. నా ఉద్యోగం అలాంటిది."

"తెలుసు సార్. దారిలో రెండో వాగు దగ్గర బురద ఎక్కువ. దిగి తోసుకుపోండి."

జిల్లా ఆఫీసు కాగితం ఏప్రిల్ మొదట్లో వచ్చింది. అప్పటికి పొలాల్లో పచ్చి కంకులు వచ్చేశాయి. ఊరంతా పొగలు, కాల్చిన మొక్కజొన్న వాసన. అనారోగ్యం వల్ల పదవీ విరమణ, టర్ము చివరికల్లా ఇల్లు ఖాళీ చేయాలి, పెన్షన్ సంగతి తర్వాత తెలియజేస్తాం అని ఉంది. నేనే చదివి వినిపించాను. వినిపించగల మనిషి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. 'అనారోగ్యం' అన్న మాట దగ్గర ఆవిడ, "జలుబు చేసిందనుకుంటారు చదివినవాళ్ళు" అంది.

వాళ్ళు వెళ్ళేది తాత తమ్ముడి ఊరికి, చిల్వా సరస్సు పక్కకి. "రెల్లు అక్కడ గుమ్మంలోనే ఉంటుంది, నాకేం," అన్నాడు తాత. రెండు సైకిల్ టాక్సీలు వచ్చాయి. ఒకదానిమీద గిన్నెలు, చాపలు, ఒక కోడి. రెండోదానిమీద మేడం. తాత నడుస్తానన్నాడు. నేను ఏదో చెప్పాలని వారం రోజులుగా అనుకుంటున్నాను. క్షమించమని అనబోయాను.

"ఆ మాట అనకు," అంది మేడం, నేను నోరు తెరవకముందే. "ఉత్తరం ఇచ్చి ఉంటే నీకు మార్కులు వచ్చేవి, నాకు ఈ కాగితమే వచ్చేది. ఇప్పుడూ అవే వచ్చాయి. తేడా మనిద్దరికీ తెలుసు, చాలు. వెనక గది కప్పు ఈశాన్యం మూల కారుతుంది, వానలకి ముందు గడ్డి కప్పించు. ఇల్లు ఖాళీగా ఉంటే చెదలు తినేస్తాయి. పాపని తెచ్చుకో."

అప్పుడు నాకు అర్థమైంది. నలుగురు టీచర్లతో బడి నడవదని హెడ్మాస్టర్ జిల్లా ఆఫీసుకి రాశాడు. నా ఫలితం రాగానే నన్ను అక్కడే వేస్తామన్నారు. ఉద్యోగంతోపాటు ఇల్లూ వస్తుంది. ఆ సంగతి నాకంటే ముందు ఆవిడకి తెలుసు.

సైకిళ్ళు బడి వెనకనుంచి తిరిగేదాకా పిల్లలు వెంట పరుగెత్తారు. గుంట వచ్చిన చోటల్లా "గుంట మేడం, గుంట," అని చెబుతూ పోయారు. ఆవిడ క్యారియర్ గట్టిగా పట్టుకుని ఒక్కసారి కూడా వెనక్కి తల తిప్పలేదు. తిప్పి మాత్రం ఏం చూస్తుంది అని నాకు నేను చెప్పుకున్నాను.

జూన్లో అమ్మ తవీనాని తీసుకొచ్చింది. కాళ్ళ వాపు తగ్గింది. తవీనా మా అమ్మ కొంగు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, లోపల గోడలవైపు చూసింది.

"ఇది ఎవరిల్లమ్మా?"

"మేడం ఇల్లు," అన్నాను.

"మేడం ఏది?"

నీళ్ళ బిందెతో అటు పోతున్న నా తరగతి పిల్ల ఒకతె ఆగి, దానికి సాయం చేద్దామని నన్ను వేలుపెట్టి చూపించింది. "ఈవిడే."

తవీనా నావైపు తిరిగింది. నేను వంగి దాని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.